ఏడు బావుల లెక్క



రాయచూరునుండి దేవదుర్గమునకు పోవు త్రోవలో గబ్బూరు అను గ్రామము కలదు. పూర్వకాలమున గోపురగ్రామమని పేరొంది, విద్యాస్థానముగా వెలసి, నేటికిని శాసనశిలలను, పాతకోనేళ్లను, శిథిలమైన కట్టడములను తనలో నిలుపుకొనియున్న ఆ యూర మలెశంకరుని గుడి యున్నది, వేంకటేశ్వరుని గుడి యున్నది, బంగారు బసప్ప యున్నాడు, ఏడు బావుల బసవన్నయు నున్నాడు. కన్నడమును తెలుగును ఇరుగుపొరుగులై మెలగు ఈ కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో బడికి పోవు పిల్లలకు ఏడెనిమిది తరగతులకు వచ్చునప్పటికి గణితపుస్తకమున ఒక క్రొత్త వ్రాత ఎదురగును. ఒక అంకె మామూలుగా నిలిచియుండగా దాని కుడిభుజముపై మరియొక చిన్న అంకె ఎక్కి కూర్చుండును. ఆ చిన్న అంకె చేయు పనిని గూర్చియే నేటి ప్రసంగము.

గబ్బూరు పేరెత్తుటకు కారణము లేకపోలేదు. ఆ యూరినుండి ఉత్తరముగా కృష్ణను దాటి, భీమను దాటి, నూరు కిలోమీటర్లకు అటునిటుగా పోయినచో కాగిణా నది యొడ్డున మళఖేడమను ఊరు తగులును. అదియే ఒకప్పటి మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. క్రీస్తుశకము 814 మొదలు 878 వరకు రాజ్యమేలిన అమోఘవర్ష నృపతుంగుని కొనియాడుచు, 850 ప్రాంతమున మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. దానినే పిమ్మట పావులూరి మల్లన తెనిగించి, జైనపరమైన ఉదాహరణములకు మారుగా తన శివభక్తికి తగిన వానిని చేర్చి, సారసంగ్రహగణితమని వెలయించెను. ఆయన నన్నయ కాలమువాడా, ఆ తరువాతివాడా యని పండితులు చాలకాలము వాదించుకొనిరి. తెలుగున పుట్టిన శాస్త్రగ్రంథములలో ఇది మొట్టమొదటిదను మాటను మాత్రము అందరును అంగీకరింతురు. కావున ఘాతములు, ఘాతాంకములు అనగానే ఏ దూరదేశమునుండియో దిగివచ్చిన వింతయని ఈ సీమ పిల్లలు బెదరనక్కరలేదు. వారి ముత్తాతలు పద్యము చెప్పుకొన్నప్పుడెల్ల వారికి తెలియకయే ఈ లెక్క నడచుచుండెను. అది ఎట్లో ముందు ముందు మనవి చేసెదను.

ముందుగా ఏడు బావుల బసవన్న పేరును ఆసరా చేసికొని ఒక లెక్క కల్పింతము. ఊరు ఒకటి. ఆ యూర బావులు ఏడు. బావి యొక్కింటికి ఏడేసి కాలువలు. కాలువ యొక్కింటికి ఏడేసి మళ్లు. మడి యొక్కింట ఏడేసి దుబ్బులు. దుబ్బు యొక్కింటికి ఏడేసి వెన్నులు. వెన్నులెన్ని? పలక పట్టిన పిల్లవాడు మెట్టుమెట్టుగా పోవును: బావులు 7, కాలువలు 49, మళ్లు 343, దుబ్బులు 2,401, వెన్నులు 16,807. ఇందులో ఏడును అయిదుమార్లు తీసికొని ఒకదానితో నొకటి హెచ్చవేసినాము. ఆ అయిదు ఏళ్లను వరుసగా వ్రాయుటకు బద్ధకించి, ఏడును ఒక్కమారే వ్రాసి, దాని భుజముపై అయిదును చిన్నదిగా వ్రాసినచో దానిని ఏడు యొక్క అయిదవ ఘాతమందురు. క్రింద నిలిచిన ఏడునకు భూమియని పేరు. పైనెక్కిన అయిదునకు ఘాతాంకమని పేరు. రెండవ ఘాతమునకు వర్గమనియు, మూడవదానికి ఘనమనియు మహావీరుని కాలమునకే పేర్లు స్థిరపడియుండెను.

ఈ ఏడేసి లెక్క మనకొక్కరికే తోచినదనుకొనరాదు. ఈజిప్టు దేశమున క్రీస్తునకు పూర్వము 1550 ప్రాంతమున ఆహ్మెస్ అను లేఖకుడు పపైరసు చుట్టపై వ్రాసిపెట్టిన లెక్కలలో ఏడు ఇండ్లు, ఇంటికి ఏడేసి పిల్లులు, పిల్లికి ఏడేసి ఎలుకలు, ఎలుకకు ఏడేసి ధాన్యపు కంకులు, కంకికి ఏడేసి కుంచములు వచ్చును. అచ్చటను చివరి సంఖ్య 16,807. అన్నిటి మొత్తము 19,607. ఎలుకల బాధ నీలనదీ తీరమునను కృష్ణాతీరమునను ఒక్కటియే కాబోలు.

పిల్లలు పొరపడునది ఎక్కడనగా, ఏడు యొక్క అయిదవ ఘాతమును అడిగినప్పుడు తటాలున ముప్పదియైదు అందురు. ఏడైదులు ముప్పదియైదు అను ఎక్కము నోట నానియుండుటచే నాలుక ముందుకు జారును, బుద్ధి వెనుకబడును. దానికి వారిని కోపించి ప్రయోజనము లేదు. చిన్న అంకె హెచ్చవేయవలసిన అంకె కాదనియు, హెచ్చవేత ఎన్ని మార్లు జరిగినదో చెప్పు అంకె యనియు ఒకమారు పొలములోనికి తీసికొనిపోయి మళ్లు, దుబ్బులు చూపినచో ఆ పొరపాటు మరల రాదు. ముప్పదియైదు వెన్నులకును పదునారు వేల ఎనిమిదివందల ఏడు వెన్నులకును గల తేడా రైతు బిడ్డకు వేరుగా బోధింపవలసినది కాదు.

పాఠ్యపుస్తకములలో ఘాతాంక న్యాయములని కొన్ని సూత్రములను పెట్టెలలో బిగించి అచ్చువేయుదురు. పిల్లలు వానిని పరీక్షకు ముందు వల్లించి, పరీక్ష ముగియగానే మరతురు. నా అభిప్రాయమున ఈ అధ్యాయమునకు పట్టిన పెద్ద తెగులు ఆ పెట్టెలే. భూమి ఒక్కటే అయినప్పుడు హెచ్చవేతలో ఘాతాంకములను కూడవలెను అను న్యాయమును చూడుడు. ఊరినుండి కాలువలకు రెండు మెట్లు. కాలువలనుండి వెన్నులకు మూడు మెట్లు. ఊరినుండి వెన్నులకు అయిదు మెట్లు. ఏడు యొక్క రెండవ ఘాతమును ఏడు యొక్క మూడవ ఘాతముతో హెచ్చవేసిన ఏడు యొక్క అయిదవ ఘాతమగుట ఇంతమాత్రమే. రెండును మూడును అయిదని లెక్కించుట వచ్చినవానికి ఈ న్యాయము వచ్చినట్లే. భాగహారమున ఘాతాంకములను తీసివేయుట మెట్లు దిగుట; ఘాతమునకు మరల ఘాతము కట్టినప్పుడు ఘాతాంకములను హెచ్చవేయుట రెండేసి మెట్లు మూడుమార్లు ఎక్కిన ఆరు మెట్లగుట.

ఇక పిల్లలనే గాక పెద్దలను సయితము తికమకపెట్టు ప్రశ్న యొకటి కలదు. ఏడు యొక్క సున్నవ ఘాతమెంత? ఏడును ఒక్కమారైనను తీసికొనలేదు గదా, సున్న కావలదా యని అడుగుదురు. మరల మన యూరికే వత్తము. వెన్నులు ఏడు యొక్క అయిదవ ఘాతము, దుబ్బులు నాలుగవది, మళ్లు మూడవది, కాలువలు రెండవది, బావులు మొదటిది. ఒక్కొక్క మెట్టు దిగినకొలది ఏడుతో భాగించుచున్నాము. బావులకు క్రింది మెట్టున ఏమున్నది? ఊరు. ఊళ్లెన్ని? ఒక్కటి. ఏడును ఏడుతో భాగించిన ఒకటియే గదా! సున్నవ ఘాతము ఒకటి యగుటలో మాయ యేమియు లేదు. హెచ్చవేత ఇంకను మొదలు కాకముందు చేతనున్న మొదటి వస్తువు అది. అక్కడితో ఆగక మరియొక మెట్టు దిగినచో ఊరు ఏడు వాడలుగా చీలి, ఒక వాడ ఊరిలో ఏడవపాలగును. అది ఏడు యొక్క ఋణ ఒకటవ ఘాతము. వాడలో ఏడవపాలు, అనగా ఊరిలో నలుబదితొమ్మిదవ పాలు, ఋణ రెండవ ఘాతము. ఋణ ఘాతాంకము వచ్చినంతమాత్రాన సంఖ్య ఋణసంఖ్య కాదు, చిన్నదగును, అంతియే.

ఇచ్చట ఒక మెలిక కలదు. భూమి సున్నయైనచో ఈ మెట్లు దిగుట పొసగదు, ఏలయన ప్రతి మెట్టునను సున్నతో భాగింపవలసివచ్చును. మహావీరాచార్యుడంతటివాడు సున్నతో భాగింపబడిన సంఖ్య మారక అట్లే యుండునని చెప్పెను. ఆ మాట నిలువలేదు. తరువాత మూడువందల యేండ్లకు రెండవ భాస్కరాచార్యుడు అట్టి రాశికి ఖహరమని పేరుపెట్టి దానిని వేరుగా నిలిపెను. నేటి గణితము సున్నతో భాగించుటనే నిషేధించినది. కావున పై న్యాయములను చెప్పునప్పుడు భూమి సున్న కాకుండవలెనను షరతును అధ్యాపకులు మ్రింగివేయకుండ చెప్పవలెను. చెప్పినపుడు కారణమును సయితము చెప్పవలెను.

ఇప్పుడు పద్యముల మాట. మన ఛందస్సునకు మూలద్రవ్యములు రెండే: గురువు, లఘువు. ఒక అక్షరము ఉండవలసిన చోట గురువైనను ఉండును, లఘువైనను ఉండును. అవి రెండు విధములు. రెండక్షరములైనచో మొదటి రెండు విధములలో ప్రతిదానికి మరల రెండేసి, మొత్తము నాలుగు. మూడక్షరములైనచో ఎనిమిది. య, మ, త, ర, జ, భ, న, స అను గణములు ఎనిమిదే యేల ఉండవలెను, తొమ్మిదవది యేల లేదు అని ఏ విద్యార్థియైన అడిగినచో, రెండు యొక్క మూడవ ఘాతము ఎనిమిది గనుక అనునదే సమాధానము. ఆరక్షరముల గాయత్రి ఛందమున 64 వృత్తములు. ఇరువది అక్షరముల కృతి ఛందమున 10,48,576. ఇరువదియొక్క అక్షరముల ప్రకృతి ఛందమున 20,97,152. ఒకటి మొదలు ఇరువదియారు అక్షరముల ఉత్కృతి వరకు గల వృత్తములన్నిటిని కూడి 13,42,17,726 అని లాక్షణికులు లెక్క తేల్చిరి. కోట్ల కొలది వృత్తములలో మన కవులు వాడుకొన్నవి వ్రేళ్లమీద లెక్కింపదగినవే యనుట వేరు సంగతి.

ఇన్ని లక్షల వృత్తములలో మన ఉత్పలమాల ఎన్నవది? దీనిని కనుగొను ప్రక్రియకు ఉద్దిష్టమని పేరు. కాగితమును కలమును దగ్గర నున్నవారు తీసికొనుడు. ఉత్పలమాల పాదమునకు గణములు భ, ర, న, భ, భ, ర, తరువాత ఒక లఘువు, ఒక గురువు. ఇరువది అక్షరముల గురులఘువులను వరుసగా వ్రాసికొని, మొదటి దానిపై 1, రెండవదానిపై 2, మూడవదానిపై 4, నాల్గవదానిపై 8, ఇట్లు రెట్టించుచు పోయినచో ఇరువదవ అక్షరముపై 5,24,288 పడును. ఇవి యన్నియు రెండు యొక్క ఘాతములే. మొదటిది సున్నవ ఘాతము, చివరిది పందొమ్మిదవ ఘాతము. ఇందు లఘువులు పన్నెండు. లఘువుల తలపై పడిన అంకెలను మాత్రము కూడిన 3,55,798 వచ్చును; దానికి ఒకటి చేర్చిన 3,55,799. కృతి ఛందమున ఉత్పలమాల 3,55,799వ వృత్తము. ఇదే విధమున చంపకమాలను పరీక్షించినచో ప్రకృతి ఛందమున అది 7,11,600వది. ఉత్పలమాలలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసిన చంపకమాల యగునని చదువుకొన్నవారు, మొదటి సంఖ్యను రెట్టించి రెండు కలిపిన రెండవ సంఖ్య యేల వచ్చునో తమంతట తాము తేల్చుకొనవచ్చును. నేడు గణకయంత్రములు లోలోపల సున్నలు, ఒకట్లుగా సంఖ్యలను వ్రాసికొనుననుచున్నారు. గురువును సున్నగాను, లఘువును ఒకటిగాను ఎంచినచో మన ఉద్దిష్టము చేయుపని అదియే.

ఇంత పెద్ద ఘాతములను కనుగొనుటకు ఇరువదిమార్లు రెట్టింపవలెనా? అక్కరలేదు. ఛందశ్శాస్త్రకర్తయైన పింగళుడు ఒక చక్కని ఉపాయము చెప్పెను. ఘాతాంకము సరిసంఖ్యయైన దానిని సగము చేయుము; బేసియైన ఒకటి తీసివేయుము; సున్న వచ్చువరకు ఇట్లు దిగుము. పిమ్మట ఒకటితో మొదలుపెట్టి అదే త్రోవను వెనుకకు రమ్ము: ఒకటి తీసిన చోట రెట్టింపుము, సగము చేసిన చోట ఆ సంఖ్యను దానితోనే హెచ్చింపుము. ఇరువది, పది, అయిదు, నాలుగు, రెండు, ఒకటి, సున్న; దిగుట ముగిసినది. ఇక ఎక్కుట: ఒకటి, రెండు, నాలుగు, పదునారు, ముప్పదిరెండు, 1,024, 10,48,576. ఆరు అడుగులలో పని తీరినది. మహావీరాచార్యుడును గుణశ్రేఢుల, అనగా ఒకే సంఖ్యతో హెచ్చుచు పోవు వరుసల, లెక్కలలో ఈ సగముచేత, ఒకటి తీసివేతల మార్గమునే చూపెను. పద్యపు నడకను కొలువబోయి పింగళుడు కనుగొనిన ఈ ఉపాయమును నేడు రహస్యలేఖనమునకై మహాసంఖ్యల ఘాతములను గుణించు యంత్రములును వాడుకొనుచున్నవి.

చదరంగపు కథను ఎరుగనివారుండరు. బల్లమీది మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లకును రెట్టించుచు పెట్టుమని ఒక మేధావి రాజును కోరెనట. ఇంత స్వల్పమా యని రాజు నవ్వెనట. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన చంపకమాల పద్యము ఒకటి ఈ గళ్లన్నింటి మొత్తమును చెప్పుచున్నది. అంకెలను అంకెలుగా చెప్పిన పద్యమున ఇమడవు గనుక ప్రాచీనులు భూతసంఖ్యలను వాడిరి. చంద్రుడొక్కడే గనుక చంద్రుని పేరు ఏది చెప్పినను 1. వేదములు నాలుగు గనుక వేదమనిన 4. మన్మథుని బాణములు అయిదు గనుక శరమనిన 5. కులపర్వతములు ఏడు గనుక గిరి యనిన 7. దిగ్గజములు ఎనిమిది గనుక కుంజరమనిన 8. ఆకాశము శూన్యము గనుక సున్న. మరియొక కట్టుబాటు కలదు: ఒకట్ల స్థానమునుండి మొదలుపెట్టి ఎడమకు నడువవలెను. మల్లన పద్యమును ఆ క్రమమున విప్పి వ్రాసినచో ఇరువది అంకెల సంఖ్య నిలుచును: 18446744073709551615. ఒక్క అంకెయు తప్పలేదు. క్రీస్తుశకము 1000 ప్రాంతమున అరబ్బీ భాషలో గ్రంథములు రచించిన అల్‌ బిరూనీయు ఇదే సంఖ్యను గుణించి చూపెను. మహావీరుడు స్థానములకు ఏకము మొదలు మహాక్షోభమువరకు ఇరువదినాలుగు పేర్లు పెట్టియుండెను. ఆ మహాక్షోభము పది యొక్క ఇరువదిమూడవ ఘాతము. చదరంగపు సంఖ్య ఆ పట్టికలో ఇరువదవ స్థానమైన మహాశంఖము దాక పోయి, ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు అని మొదలగును. పేర్లు ఇంకను నాలుగు మిగిలియుండగనే లెక్క తీరిపోవుచున్నది.

ఆ సంఖ్య అయిదుతో ఏల ముగిసినదని చూడుడు. అరువదినాలుగు గళ్ల మొత్తమును కూడుటకు ఒక కిటుకు కలదు. మొదటి గడిలోని గింజ ప్రక్కన ఒక గింజ అప్పుగా తెచ్చి పెట్టుడు. రెండైనవి, రెండవ గడిలోనివి రెండు, కలిసి నాలుగు. మూడవ గడిలోనివి నాలుగు, కలిసి ఎనిమిది. ఇట్లు ప్రతి గడియు తనవరకు వచ్చిన మొత్తమును సరిగా రెట్టించుచు పోవును. అరువదినాలుగవ గడి దాటునప్పటికి రెండు యొక్క అరువదినాలుగవ ఘాతము చేతికి వచ్చును. దాని చివరి అంకె ఆరు. తెచ్చిన అప్పు ఒక గింజను తీర్చివేసినచో అయిదు మిగులును. వృత్తములను కూడినప్పుడు వచ్చిన 13,42,17,726 కూడ ఇట్లే రెండు యొక్క ఇరువదియేడవ ఘాతమునకు రెండు తక్కువైనది. అచ్చట లెక్క ఒకటితో కాక రెండుతో మొదలైనది గనుక తీర్చవలసిన అప్పు రెండు.

ఈ సంఖ్య ఎంత పెద్దదో ఊహకు తెచ్చుకొనుటకు ఈ సీమ పంటనే తూచి చూతము. సన్నబియ్యపు గింజ పదునైదు మిల్లీగ్రాములు తూగుననుకొందము. మిల్లీగ్రామనగా గ్రాములో వెయ్యవపాలు, అనగా పది యొక్క ఋణ మూడవ ఘాతము. చదరంగపు బల్లమీది గింజల మొత్తము బరువు 27 వేల కోట్ల టన్నులు దాటును. డెబ్బదియైదు కిలోల బస్తాలకు ఎత్తినచో మూడున్నర లక్షల కోట్లకు పైగా బస్తాలు. భారతదేశమంతయు ఒక ఏట పండించు బియ్యము ఇటీవల పదునాలుగు, పదునైదు కోట్ల టన్నుల ప్రాంతముననున్నది. ఈ లెక్కను తీర్చుటకు దేశమంతయు పస్తులుండి సుమారు రెండు వేల యేండ్లు పండింపవలెను. అందులోను సగము గింజలు చిట్టచివరి గడి యొక్కదానికే కావలెను. మొదటి ముప్పదిరెండు గళ్లను నింపుటకు అరువదినాలుగు టన్నులు చాలును. అరడజను లారీలు తోలిన సరిపోవును. రాజు నవ్వినది ఆ మొదటి సగమును చూచియే. ఘాతముల స్వభావమంతయు ఈ తేడాలోనే యున్నది: చాలదూరము వరకు సాధువుగా కనబడి, పిదప ఒక్కసారిగా పట్టు తప్పును.

చదరంగపు గింజలు ఎవరి ఇంటికిని రావు. చక్రవడ్డీ మాత్రము వచ్చును. పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన ధర్మవడ్డీగానే చెల్లుబాటగును. అనగా ఏటికి నూటికి ఇరువదినాలుగు. పదివేల రూపాయలు అప్పు తెచ్చి, ప్రతి యేటను వడ్డీని అసలులో కలుపుకొని పత్రము తిరుగవ్రాయించుకొనుచు పదేండ్లు గడపిన రైతు ఎంత ఋణపడును? ప్రతి యేటను అప్పు ఒకటి దశాంశము రెండు నాలుగు రెట్లగుచున్నది. కావున ఆ సంఖ్య యొక్క పదవ ఘాతమును కనుగొనవలెను. అది ఎనిమిదిన్నరకు కొంచెము పైన. పదివేలు 85,944 రూపాయలగును. బారువడ్డీయైన యెడల 34,000 తోనే తీరియుండెడిది. ఈ రెండు సంఖ్యల నడిమి అంతరము ఎన్ని కుటుంబముల పొలములను మ్రింగినదో చెప్పనక్కరలేదు. ఘాతాంకముల పాఠమును పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా మాత్రమే ఎంచు అధ్యాపకుడు, పత్రముపై వ్రేలిముద్ర వేయబోవు తండ్రికి ఆ పిల్లవాడు అడ్డుపడి లెక్క చెప్పగల అవకాశమును పోగొట్టుచున్నాడు.

చిన్న అంకెను భుజముపై వ్రాయు పద్ధతి మాత్రము క్రొత్తది. 1637లో ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త రెనే డెకార్ట్ తన జ్యామితి గ్రంథమున ఘనము మొదలు పై ఘాతములకు ఈ వ్రాతను వాడెను. వర్గమునకు మాత్రము తరచుగా అక్షరమును రెండుమార్లు వ్రాయుచుండెను. రెండక్షరములు వ్రాసినను ఒక అక్షరమును ఒక అంకెను వ్రాసినను పట్టు చోటు ఒక్కటే గదా, మార్చుకొనుటకు ఆయనకు తొందర లేకపోయియుండును. ఆయనకు ఎనిమిది శతాబ్దములకు ముందు మాన్యఖేటపు రాజును కొనియాడిన మహావీరునకు ఆ వ్రాత లేదు, పని యున్నది. ఆయన గ్రంథమును మద్రాసు ప్రభుత్వము 1912లో రంగాచార్యుల వారి ఆంగ్లానువాదముతో అచ్చువేయించినది. ఉన్నతపాఠశాల గ్రంథాలయములు దానిని తెప్పించి ఉంచుట మంచిది; అందలి లెక్కలు నేటి ఎనిమిదవ తరగతి విద్యార్థికి అందనివి కావు. మల్లన గణితమునకు మన అధ్యాపకులు ఇచ్చిన గౌరవము చదరంగపు పద్యమును సభలలో వల్లించుటతో సరి. పద్యమును చదివినవారు దానిని విప్పి చూపుటయు నేర్పవలెను.

ఇక శ్రోతలకు ఒక చిన్న పని అప్పగించి సెలవు తీసికొందును. మూడు యొక్క పదమూడవ ఘాతమును పింగళుని త్రోవన కనుగొనుడు. పదమూడు బేసి గనుక ఒకటి తీసివేసిన పన్నెండు; దాని సగము ఆరు; దాని సగము మూడు; ఒకటి తీసిన రెండు; సగము ఒకటి; ఒకటి తీసిన సున్న. ఇచ్చట భూమి మూడు గనుక తిరిగి వచ్చునప్పుడు రెట్టించుటకు మారుగా మూడింతలు చేయవలెను. ఆరు అడుగులకు మించి పట్టినచో ఎక్కడనో త్రోవ తప్పినారని గ్రహించి మరల మొదలుపెట్టుడు. సరియైన సమాధానము 15,94,323.